సున్నకట్టు ఒక్కటే బూజు కాదు



పోయిన వారం మన గ్రూపులో ఒక ఫోటో వచ్చింది, అందరూ చూసే ఉంటారు. నాలుగేళ్ల వి1 తోట. ఒకే వరసలో మూడు చెట్లు నిలువునా వాడిపోయి ఉన్నాయి. పీకితే వేరు బెరడు ఊడి చేతికొచ్చేసింది, లోపల నల్లగా ఉంది. "ఏం చెయ్యాల అన్నా?" అని అడిగినాడు తమ్ముడు. పది నిమిషాల్లో పదకొండు జవాబులు. అందులో తొమ్మిది ఒకటే మాట: కార్బెండజిం కలిపి మొదట్లో పొయ్యి. ఇద్దరైతే ఇంకో మాట చేర్చినారు: "ఆ మూడింటికే కాదు, తోటంతా పొయ్యి, ముందు జాగ్రత్త."

మేము కూడా ఒకప్పుడు ఆ మాట చెప్పినవాళ్లమే. చెప్పడమే కాదు, చేసినాం కూడా. డ్రిప్పు నీళ్లలో కలిపి రెండెకరాలకూ పంపించినాం. నాలుగు చెట్లకు తెగులు వస్తే రెండెకరాలకు మందు. అది జరిగిన రెండు నెలలకు ఒక కొట్టాయన మాటవిని "వ్యామ్" అని రాసిన సంచులు తెచ్చి అదే తోటలో వేసినాం. సంచిలో ఉండేది బూజు. ముందు పోసింది బూజును చంపే మందు. మేము రెండింటికీ డబ్బు కట్టినాం. ఆ రోజు మాకు ఇది తట్టలేదు, ఆ కొట్టాయనకూ తట్టలేదు. ఈ నెల మాట దీని గురించే. కొంచెం పొడుగు ఉంటుంది, నాలుగో జ్వరం మీద పురుగు పడుకున్నప్పుడు తీరిగ్గా చదవండి.

బూజు అంటే మన వాళ్లకు గుర్తొచ్చేది సున్నకట్టు. పురుగు బిగుసుకుపోయి సుద్దముక్క మాదిరి తెల్లగా అయిపోతే ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే బూజు పేరు వింటేనే సున్నమూ, బ్లీచింగు పొడీ పట్టుకొని పరిగెత్తుతాం. అది తప్పు కాదు. ఒక సూక్ష్మజీవి వల్ల ఒక ప్రాణికి రోగం వస్తుందని లోకంలో మొట్టమొదట నిరూపించింది మన పురుగు మీదే, ఈ సున్నకట్టు మీదే. ఇటలీలో అగోస్టినో బస్సీ అనే ఆయన ఏళ్ల తరబడి పాటుపడి 1835లో ఆ సంగతి అచ్చువేసినాడు. పాశ్చర్ కంటే ముందు. ఆ బూజుకు ఈనాటికీ ఆయన పేరే ఉంది, బ్యూవేరియా బస్సియానా అని. కాబట్టి రేష్మెవాళ్లకు బూజు మీద ఉండే పగ పాతది, న్యాయమైనది.

అయితే షెడ్డులో ఉండే పగను తోటలోకి కూడా మోసుకుపోతున్నాం. మా పేచీ అక్కడ.

మట్టిలో ఇంకో రకం బూజు ఉంది. అది వేరు లోపలికి దూరుతుంది, కానీ కుళ్లబెట్టదు. వేరు కణాల్లో చిన్న చెట్టు కొమ్మల్లాగా విచ్చుకొని కూర్చుంటుంది. బయటికి దారాలు వదులుతుంది. మన పట్టు పోగుకంటే సన్నగా ఉంటాయి ఆ దారాలు, కంటికి ఆనవు. వేరు వెంట్రుక కూడా పోలేని సందుల్లోకి అవి పోయి భాస్వరం, జింకు, కొంత నీళ్లు తెచ్చి చెట్టుకిస్తాయి. చెట్టు ఊరికే తీసుకోదు. ఆకు వండిన చక్కెరలో, కొవ్వులో కొంత వాటా బూజుకు కడుతుంది. నూటికి నాలుగు మొదలు ఇరవై పాళ్ల దాకా కడుతుందని లెక్కలు కట్టినవాళ్లున్నారు. ఇట్లా వేరూ బూజూ కలిసి చేసే కాపురానికి 1885లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఫ్రాంక్ మైకోరైజా అని పేరు పెట్టినాడు. గరిక, రాగి, జొన్న, కంది, వేరుశెనగ, మామిడి, మన మల్బరీ అన్నిటికీ ఈ కాపురం ఉంది. ఆవ, క్యాబేజీ, ముల్లంగి జాతికి లేదు. తోటకూర జాతికీ దాదాపు లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ బూజు బలం ఎంతో కనుక్కోవాలంటే మల్బరీ తోటకంటే గడ్డి మైదానం మంచి చోటు. తోటలో ఉండేది ఒకటే చెట్టు. గడ్డి మైదానంలో అడుగు జాగాలో పది పదిహేను రకాలు ఒకదాన్నొకటి తోసుకుంటా ఉంటాయి. బూజును తీసేస్తే ఎవరు పైకొస్తారు, ఎవరు కిందపడతారు అని చూడొచ్చు.

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఫ్లింట్ హిల్స్ అని రాళ్ల గుట్టలున్నాయి. రాయి ఎక్కువ కాబట్టి అక్కడ నాగలి దిగలేదు. దిగిన చోటల్లా పాత గడ్డి పోయి మొక్కజొన్న, గోధుమ వచ్చేసినాయి. మిగిలిన ఆ గడ్డిభూమిలో కొంజా ప్రెయిరీ అనే పరిశోధన కేంద్రం ఉంది, దాదాపు 8,600 ఎకరాలు. అక్కడ మనిషెత్తు పెరిగే పెద్ద గడ్డి ఒకటి రాజు. బిగ్ బ్లూస్టెమ్ అంటారు. మన జొన్నకూ చెరకుకూ దాయాది, ఒకటే వంశం. చుట్టూ చిన్నా చితకా గడ్డులు, పూల మొక్కలు.

హార్ట్‌నెట్, విల్సన్ అనే ఇద్దరు అక్కడ ఐదేళ్లు ఒక పని చేసినారు. కొన్ని మళ్లలో పైరుకాలం అంతా రెండు వారాలకొకసారి బూజు మందు పోసినారు. పక్క మళ్లు ఊరికే వదిలినారు. మందు పోసిన మళ్లలో వేర్లలోని మంచి బూజు బాగా పడిపోయింది. దాంతో పాటు ఆ రాజు గడ్డి పడిపోయింది. బూజు లేకుండా అది బతకలేదు మరి. బూజు ఉన్నా లేకపోయినా బతికే చిన్న గడ్డులు, పూల మొక్కలు లేచినాయి. 1999లో ఆ ఫలితం అచ్చయింది. అంతవరకూ ఆ మైదానంలో ఆ గడ్డి రాజ్యం చేస్తున్నది తన బలంతోనే అనుకునేవాళ్లు. మట్టిలోని అప్పు తీసేస్తే తేలిపోయింది.

ఇక్కడ రేష్మె రైతులు చెవి పెట్టాల్సిన సంగతి ఒకటుంది. వాళ్లు పోసిన మందు పేరు బెనోమిల్. బెనోమిల్ మట్టిలో పడగానే విరిగి ఇంకో మందుగా మారుతుంది. ఆ ఇంకో మందు కార్బెండజిం. అవును, మన గ్రూపులో తొమ్మిది మంది చెప్పిందే. వాళ్లు మంచి బూజును చంపి చూద్దామని కావాలని పోసిన మందును మనం ముందు జాగ్రత్త అని తోటంతా పోస్తున్నాం.

ఇది చదివి రేపటి నుంచి ఆకు మీద మందే కొట్టొద్దని మేము అంటున్నామని అనుకోవద్దు. ఆకుమచ్చకు, బూడిద తెగులుకు కొలతగా కొట్టి, చెప్పినన్ని రోజులు ఆగి ఆకు కోస్తే మట్టికి చేరేది తక్కువ. తెగులు పట్టిన చెట్టు మొదట్లో, దాని పక్క చెట్టు మొదట్లో పోసినా మాకు పేచీ లేదు, ఆ వేరుకుళ్లు బూజు ఊరుకునే రకం కాదు. పేచీ ఉన్నది డ్రిప్పులో కలిపి ఎకరాలకు ఎకరాలు పంపించడం మీద. ఇంకా చెప్పాలంటే ట్రైకోడెర్మా కలిపిన దిబ్బెరువు వేసిన వారానికే కార్బెండజిం పోసేవాళ్లను మేము కళ్లారా చూసినాం. ట్రైకోడెర్మా కూడా బూజే కదా నాయనా. కూలీకి పెట్టుకున్న మనిషిని మనమే తరిమికొట్టినట్టు.

సరే, కాన్సాస్ కథ విని ఒకాయన మమ్మల్ని మంచి ప్రశ్న అడిగినాడు. "బూజు తీసేస్తే మొక్కల రకాలు పెరిగినాయంటున్నారే, మరి మంచిదే కదా?" నిజమే. ఆ మళ్లలో రకాలు పెరిగినాయి. మొత్తం గడ్డి బరువు కూడా పెద్దగా తగ్గలేదు, ఒకటి పడితే ఇంకొకటి లేచింది కాబట్టి. దీనికి సరిగ్గా ఎదురు మాట ఇంకో చోట వచ్చింది. స్విట్జర్లాండు, కెనడా శాస్త్రజ్ఞులు కలిసి 1998లో అచ్చువేసిన పని అది. తొట్లలోనూ, బయట మళ్లలోనూ శుద్ధి చేసిన మట్టి నింపి, ఒక దాంట్లో ఒక రకం బూజు, ఒక దాంట్లో రెండు, నాలుగు, ఎనిమిది, పద్నాలుగు దాకా వేసి, అన్నింట్లోనూ పచ్చికబయలు మొక్కలే నాటినారు. బూజు రకాలు పెరిగేకొద్దీ మొక్కల రకాలూ పెరిగినాయి, మొత్తం దిగుబడీ పెరిగింది, మట్టిలోని భాస్వరం వాడకమూ పెరిగింది.

ఒక చోట బూజు పోతే రకాలు పెరిగినాయి, ఇంకో చోట బూజు ఉంటే రకాలు పెరిగినాయి. రెండూ నిజమే. తేడా ఎక్కడంటే, ఆ మైదానంలో బూజు మీద ఎక్కువగా ఆధారపడింది ఎవరు అన్నదాంట్లో. కాన్సాస్‌లో రాజే బూజు మీద ఆధారపడినాడు, కాబట్టి బూజు రాజు పక్షం. రెండో దాంట్లో చిన్న మొక్కలు ఆధారపడినాయి, కాబట్టి బూజు చిన్నవాళ్ల పక్షం. రకరకాల బూజులుంటే ఒక్కో మొక్కకు తనకు నప్పే తోడు ఒకటి దొరుకుతుంది.

ఇప్పుడు మన తోట సంగతి చూడండి. మన తోటలో రాజు ఎవరు? మల్బరీ. ఆ రాజు బూజు మీద ఆధారపడే జాతి. బూజును తీసేస్తే కాన్సాస్‌లో ఇంకో గడ్డి లేచి జాగా నింపింది. మన తోటలో లేచి నింపేది ఎవరు? బూజుతో పని లేని తోటకూర జాతి కలుపు, తుంగ. డీఏపీ, బూజు మందు రెండూ దండిగా పోసిన తోటల్లో ఈ రెండు కలుపులే ఎందుకు విరగబడతాయని మేము చాలాకాలం ఆలోచించినాం. దానికి నీళ్లూ, నీడా, ఇంకా సవాలక్ష కారణాలుండొచ్చు. అయినా మా అనుమానం మాకుంది.

ఇంకో పని చెప్తాం. జేమ్స్ బీవర్ అనే అమెరికా ఆయన పాత బీడు భూముల్లోని రెండు మొక్కలను తీసుకున్నాడు. ఒకటి మన ఇసబ్గోల్‌కు దగ్గరి చుట్టం. రెండోది మన సామలకు చుట్టమయిన ఒక గడ్డి. ఒక్కో దాని వేరు కింద ఏ బూజు ఎక్కువ పెరుగుతుందో చూసినాడు. పెరిగిన బూజు ఎవరికి ఎక్కువ లాభం చేస్తుందో కూడా చూసినాడు. గడ్డి కింద బాగా పెరిగే బూజు, ఆ గడ్డికంటే ఇసబ్గోల్ చుట్టానికే ఎక్కువ మేలు చేసింది. ఇసబ్గోల్ చుట్టం కింద పెరిగే బూజులు అటువైపు గడ్డికే ఎక్కువ మేలు చేసినాయి. అంటే ఎవరింట్లో పాలు వాళ్లు తాగడంలేదు, పక్కింటికి పోస్తున్నారు. అందువల్లే ఏ ఒక్కటీ మైదానమంతా ఆక్రమించలేక రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. పాతకాలం మన పెద్దలు రాగి చేలో కందినీ, అనుములనూ సాళ్లుగా ఎందుకు వేసేవారో ఈయన పరీక్ష చదివిన రోజు మాకు కొంచెం అర్థమైనట్టనిపించింది. వాళ్లకు బూజు సంగతి తెలియకపోవచ్చు, చేను సంగతి తెలుసు.

కెనడాలో క్లిరోనోమోస్ అనే ఆయన 2002లో అచ్చువేసినది మనకు ఇంకా దగ్గరగా తగులుతుంది. ఒక పాత బీడులో అరుదుగా కనిపించే మొక్కలను, విరివిగా పాకిపోయిన మొక్కలను తీసుకొని, ఒక్కో దాన్ని తన జాతి పెరిగిన మట్టిలోనూ, వేరే జాతి పెరిగిన మట్టిలోనూ పెంచినాడు. అరుదైనవి తమ సొంత మట్టిలోనే దెబ్బతిన్నాయి. వాటి వేర్ల చుట్టూ వాటికే చేటుచేసే బూజులు తొందరగా పోగవుతున్నాయి. పాకిపోయినవాటికి ఆ బాధ లేదు, సొంత మట్టిలో ఇంకా బాగా పెరిగినాయి.

ఇప్పుడు ఆ ఫోటో పెట్టిన తమ్ముడి దగ్గరికి వద్దాం. చెట్టు చచ్చింది, పీకినాడు. ఏం చేస్తాడు? అదే గుంతలో ఇంకో వి1 మొక్క నాటుతాడు. మనమందరం చేసేది అదే, వరస తప్పకూడదని. ఆ గుంతలో ఇన్నేళ్లుగా మల్బరీ వేరును తినడం నేర్చుకున్న బూజు కూర్చొని ఉంది. కొత్త మొక్క దాని నోట్లో పెట్టిన ముద్ద. రెండో మొక్క కూడా చస్తే నర్సరీ వాడిని తిడతాం. మేము ఒక గుంతలో మూడు మొక్కలు నాటి మూడూ పోగొట్టుకున్నాం, నాలుగోది నాటకుండా ఆగింది బుద్ధి వచ్చి కాదు, మొక్కలు అయిపోయి. ఆ గుంతలో కుళ్లు వేర్లన్నీ ఏరి కాల్చి, ఎండకు వదిలి, తర్వాత ఒక వానకాలం అందులో జొన్నో రాగో నాలుగు గింజలు చల్లి పెరగనిస్తే, వేరే జాతి వేరు వచ్చి మట్టి కొలువు మారుతుంది, మంచి బూజుకు కూడా ఇల్లు దొరుకుతుంది. ఒక చెట్టు జాగా ఒక ఏడాది ఖాళీ అయితే పోయేది రెండు కిలోల ఆకు. అది మా లెక్క.

ఇంక డీఏపీ. ఇక్కడ కొంతమందికి కోపం వస్తుంది, రానీండి.

నీళ్లుండే వి1 తోటకు మైసూరు కేంద్రం వాళ్లు చెప్పే కొలత హెక్టారుకు ఏడాదికి నత్రజని 350, భాస్వరం 140, పొటాషు 140 కిలోలు. ఎకరా లెక్కకు తెస్తే 140, 56, 56. దాంతో పాటు పశువుల ఎరువు. 50 కిలోల డీఏపీ మూటలో భాస్వరం 23 కిలోలుంటుంది. మన వాళ్లలో చాలామంది కత్తిరింపు అయిన ప్రతిసారీ ఎకరాకు ఒక మూట వేస్తారు. ఏడాదికి ఐదు పంటలు, ఐదు మూటలు. 23 ఐదులు 115. చెప్పిన కొలతకు రెండింతలు పైన. పశువుల ఎరువులో ఉండే భాస్వరం దీంట్లో కలపలేదు. భాస్వరం నత్రజని మాదిరి నీళ్లతో కొట్టుకుపోయేది కాదు, మట్టిని పట్టుకొని అక్కడే పేరుకుంటుంది. పదేళ్ల తోటలో ఎంత పేరుకొని ఉంటుందో మట్టి పరీక్ష చేయిస్తే తెలుస్తుంది, కార్డు బీరువాలో పెట్టుకుంటే తెలియదు.

పేరుకుంటే ఏమవుతుంది? చెట్టు తెలివైనది. భాస్వరం తన వేరు పక్కనే కుప్పగా ఉంటే దాన్ని మోసుకొచ్చే బూజుకు చక్కెర ఎందుకు కట్టాలి? కట్టడం మానేస్తుంది. వేరులో బూజు తగ్గిపోతుంది. మనం వేసిన మూటే ఆ కాపురాన్ని కూలుస్తుంది. అప్పుడు దాంతోపాటు వచ్చే మిగతా సాయం, జింకు, కరువులో కొంత ఓర్పు, చెడ్డ బూజుకూ నులిపురుగుకూ వేరు మీద జాగా దొరక్కుండా కొంత కాపలా, అవీ పోతాయి.

ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే చోట పార్క్ గ్రాస్ అని ఒక పచ్చికబయలు ఉంది. లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు 1856లో దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో ఎరువు వేయడం మొదలుపెట్టినారు. ఈనాటికీ ఆపలేదు. ఏమీ వెయ్యని ముక్కలో ముప్పై పైచిలుకు రకాల మొక్కలున్నాయి. అమ్మోనియం సల్ఫేటు వరసగా వేసి మట్టి పులిసిపోయిన ముక్కల్లో రెండు మూడు గడ్డులు తప్ప ఇంకేమీ లేవు. అదంతా బూజు ఒక్కదాని పని అని చెప్పలేం, ఆమ్లమూ ఉంది, ఏపుగా పెరిగిన గడ్డి నీడా ఉంది. కానీ మూట విప్పి చల్లే మనిషి చెయ్యి మట్టిలో ఎంత దూరం పోతుందో చూడాలంటే అది పోయి చూడాల్సిన చోటు.

ఇదంతా విని వ్యామ్ సంచి కొనేద్దామని లేవకండి. మైసూరు కేంద్రంలో మల్బరీ మీద ఈ బూజుతో పనిచేసి, దీన్ని పట్టిస్తే భాస్వరం బాగా తగ్గించుకోవచ్చని చెప్పినారు, అది నిజం. ఆ మాటలో సగమే మన చెవికెక్కుతుంది. "బూజు వెయ్యి" అనేది వింటాం, "భాస్వరం తగ్గించు" అనేది వినం. డీఏపీ కుప్పలో వేసిన బూజు నిలవదు. పైగా ఇది ట్రైకోడెర్మా మాదిరి డ్రమ్ములో బెల్లం నీళ్లతో పెంచుకునేది కాదు, బతికిన వేరు లేనిదే పెరగదు. బెల్లం కలిపి పెంచుకోండి అని ఎవరైనా మైకోరైజా అమ్మితే సంచి వెనక్కి ఇచ్చి వచ్చేయండి. కొత్త తోట వేసేవాళ్లు నర్సరీ మడిలోనే, కడ్డీ వేరు పోసే టైములోనే పట్టిస్తే అర్థముంది. పాత తోటలో మట్టిలో ఉన్నదాన్ని చంపకుండా ఉండటమే చవక.

బతికిన వేరు లేనిదే పెరగదు అన్నాం కదా, ఆ ఒక్క ముక్క పట్టుకుంటే గట్ల సంగతి కూడా తేలిపోతుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రైతులు పొలాన్ని ఏడాది పైన గడ్డి పరక లేకుండా బీడు పెట్టి తర్వాత పైరు వేస్తే అది గిడసబారిపోయేది. నీళ్లున్నాయి, ఎరువుంది, పైరు మాత్రం లేవదు. వెతికి వెతికి చూస్తే వేరు లేక మంచి బూజు పస్తుండి చచ్చిందని తేలింది.

మన దగ్గర ఈ మధ్య గట్టు మీద కూడా కలుపుమందు కొట్టే ఫ్యాషన్ వచ్చింది. గట్టు నున్నగా, గోధుమరంగుగా ఉంటే తోట బాగా చూసుకుంటున్నాడని పేరు. గరిక, బోద, ఇంకా పేరు తెలియని నాలుగు గడ్డులు ఉండే పాత గట్టు మట్టిలో దున్నని, మందు పడని, ఎరువు తగలని బూజు దారాలు ఏళ్ల తరబడి అల్లుకొని ఉంటాయి. మన తోటకు అది విత్తనాల గాదె లాంటిది. రోటవేటరు తోటలో దారాలన్నీ తెంపేసి పోయినాక మళ్లీ అక్కడి నుంచే పాకాలి. గట్టులో పాములుంటాయి, ఎలుకలుంటాయి అంటారు. ఉంటాయి. కోసి పశువుకు వెయ్యండి, వేరు మాత్రం ఉండనీండి. వయ్యారిభామను పీకెయ్యండి. మందారం, బెండ గట్టు మీద వద్దు, అవి పిండినల్లికి ఇల్లు, తుక్రా మన నెత్తికొస్తుంది. గరికతో మనకేం పగ?

ఇదే మాట గోమాళం గురించి కూడా. హోసూరు, కృష్ణగిరి పక్క మేత పోరంబోకు అంటారు, పేరు ఏదైతేనేం. చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు పక్క ఊళ్లలో గోమాళం అంటే పనికిరాని బీడు అనే మాట మనవాళ్ల నోటే వింటున్నాం. దాన్ని చదును చేసి ఏదో ఒకటి కట్టాలి, నాటాలి. గొర్రెలవాళ్లు తప్ప దాని తరఫున మాట్లాడేవాడు లేడు. మనం మాట్లాడాలి అంటాం మేము. మన దిబ్బెరువు ఆ గడ్డి నుంచే వస్తుంది, ఆవు కడుపులోంచి. చెట్లు నాటితేనే పచ్చదనం అనుకునే అధికారులకు గడ్డి కూడా పచ్చదనమే అని చెప్పాల్సింది అక్కడే పుట్టిన వాళ్లు.

మర్చిపోకుండా ఒక హెచ్చరిక. కెనడాలోనే బిడోచ్కా అనే ఆయన బృందం 2012లో ఒక వింత చూపించింది. మెటారైజియం అని ఒక బూజు, పురుగును చంపి ఆకుపచ్చ పొడిగా మార్చేది, అదే గడ్డి వేరులో కూడా కాపురముంటుంది. మట్టిలో ఒక పురుగును చంపి దాని నత్రజనిని తెచ్చి గడ్డికి ఇస్తోంది. వినడానికి బాగుంది. మనకు మాత్రం అది పచ్చకట్టు, సున్నకట్టుకు తమ్ముడు. కొట్లలో జీవన మందులని బ్యూవేరియా, మెటారైజియం అమ్ముతున్నారు. కొబ్బరికీ చెరకుకూ మంచివే కావొచ్చు. మల్బరీ తోటలోనూ, షెడ్డు చుట్టుపక్కలా వాటిని చల్లొద్దు. పక్క పొలం వాళ్లతో కూడా మంచిగా మాట్లాడి పెట్టుకోండి. మంచి బూజు అని మేము చెప్పింది వేరులో ఉండి చెట్టుకు భాస్వరం మోసేదాని గురించి. బూజులన్నీ మంచివని మేము చెప్పినామని రేపు ఎవరూ గ్రూపులో రాయొద్దు.

ఇంతకీ మీ తోటలో ఏం చేసినారని అడుగుతారు. చెప్తాం. రెండెకరాల్లో అర ఎకరం తాడు కట్టి వేరు చేసినాం. అక్కడ ఈ ఏడాది డీఏపీ లేదు, మట్టి పరీక్షలో భాస్వరం "ఎక్కువ" అని వచ్చింది కాబట్టి. యూరియా, పొటాషు కొలత ప్రకారం వేసినాం, దిబ్బెరువు వేసినాం. వరసల మధ్య జీలుగ చల్లి పూతకు ముందు కోసి అక్కడే పరిచినాం, రోటవేటరు తిప్పలేదు. మొదటి రెండు పంటల్లో ఆకు బరువులో పక్క ఒకటిన్నర ఎకరంతో మాకు తేడా కనిపించలేదు. మూడు మూటల డీఏపీ డబ్బు ఇంట్లోనే ఉంది. రెండు పంటలతో ఏదీ తేల్చకూడదని మాకు తెలుసు, ఎండాకాలం పంట చూడాలి. గూడు బరువు, రెండిటిదీ విడిగా, శిడ్లఘట్ట మార్కెట్టు చీటీలతో సహా ఇక్కడే పెడతాం, తగ్గితే తగ్గిందనే రాస్తాం.

ఫోటో పెట్టిన తమ్ముడూ, ఆ మూడు గుంతల్లో ఇంకా ఏమీ నాటకపోతే ఆగు. మా దగ్గర రాగి విత్తనాలు ఉన్నాయి, ఆదివారం వచ్చి తీసుకుపో.